జీపు నెత్తిమీది బరువు



గడ్డిబండి బోల్తాపడుట మీలో చూడనివారుండరు. ధాన్యపు బస్తాల బండికంటె గడ్డిబండి తేలిక. అయినను బస్తాల బండి గతుకులలో మూలుగుచునైనను సాగిపోవును. గడ్డిబండి గట్టు దిగునప్పుడు ఒక ప్రక్కకు ఒరిగి, ఎద్దులతోకూడ పడిపోవును. ఎద్దులలో లోపము లేదు, ఇరుసులో లోపము లేదు. బరువు ఎంత అనునదికాదు, అది ఎంత ఎత్తున నున్నది అనునదే అక్కడి కీలకము. బండి కట్టుట యెరిగిన పెద్దలకు ఒకరు చెప్పవలసిన పనిలేని ఈ సంగతి, జీపు విషయమునకు వచ్చుసరికి మన యిండ్లలోని పిన్నలు మఱచుచున్నారు. నేటి ప్రసంగము దానిని గురించియే.

కొండదారులందును, పొలపు బాటలందును తిరుగుటకు జీపువంటి బండ్లు నేడు అనేక గ్రామములలో నున్నవి. వాటి టాపుమీద ఇనుప క్యారియరు నొకదానిని బిగించి, దానిపై స్టెప్నీ, నీళ్ళ క్యానులు, జాకీ, పార, దీపములు, గుడారము మొదలగు వానిని అమర్చుట వాడుకయైనది. అమర్చుట తప్పు గాదు. బురదలో దిగబడిన బండిని బయటికి తీయుటకు పార కావలెను; టైరు పగిలినచోట స్టెప్నీ కావలెను. ఏది పైనుండవలెనో, ఎంతవరకు ఉండవలెనో, ఎట్లు బిగింపవలెనో తెలియకుండుటయే తప్పు.

మొదట జీపు పుట్టినది యుద్ధము కొఱకు. 1941వ సంవత్సరమున అమెరికాలో విల్లీసు కంపెనీవారు సైన్యమునకు తయారు చేయ నారంభించిన ఆ బండికి రేకు కప్పు లేదు. కాన్వాసు గుడ్డయే కప్పు. కావున నెత్తిమీద ఏమియు పెట్టుటకు వీలు లేకపోయెను. అయినను సైనికులకు సామాను కొఱత కలుగలేదు. పారను, గొడ్డలిని బండి ఎడమప్రక్క రేకునకు బిగించిరి. స్టెప్నీని వెనుక తగిలించి, దాని సరసనే 20 లీటర్ల క్యాను నిలుపుటకు ఒక చట్రము నమర్చిరి. ఆ క్యానును రూపొందించినవారు జర్మనులు. బ్రిటిషు సైనికులు జర్మనులను ‘జెర్రీ’ అని పిలుచుటచేత దానికి జెర్రీ క్యాను అను పేరు నిలిచినది. ఈ యేర్పాటులో గమనింపవలసిన దేమనగా, బరువైన వస్తు వేదియు మనిషి తలకు మించిన ఎత్తున లేదు. కప్పు లేకపోవుటచేతనే యైనను, అది మంచి పద్ధతి యయ్యెను.

పిమ్మట రేకు కప్పుగల బండ్లు వచ్చినవి. పాత బండ్లకు వాననీరు జారిపోవుటకై కప్పు చుట్టును చూరుకాలువవంటి అంచు ఉండెడిది. క్యారియరు కాళ్ళను ఆ అంచున కరపించి బిగించెడివారు. నేటి బండ్లకు చాలవానికి ఆ అంచు లేదు. దానికి మారుగా కప్పుపై పొడుగున రెండు కమ్ములో, లేక కంపెనీవారు లోపలినుండి బలపఱచిన బోల్టు తావులో యుండును. క్యారియరు కాళ్ళు నిలువదగిన చోటులు అవియే. తక్కిన కప్పంతయు మిల్లీమీటరు మందమైనను లేని పలుచని రేకు. దానికి తమ యిష్టము వచ్చినచోట బెజ్జములు పొడిచి బోల్టు దిగవేసినచో, మొదటి వానకు నీరు కారును. రెండవ యేటికి త్రుప్పు పట్టును. పిమ్మట ఏదో యొక గుంటలో ఆ బోల్టు రేకును చీల్చుకొని బయటికి వచ్చును.

ఇక బరువు సంగతి. ప్రతి బండితోను కంపెనీవా రిచ్చు పుస్తకములో, కప్పుమీద ఎంత బరువు ఉంచవచ్చునో వ్రాసియుండును. అందులో కొన్ని బండ్లకు రెండు లెక్కలుండును: బండి నిలిచియుండగా ఒకటి, నడచుచుండగా మఱియొకటి. ఉదాహరణమునకు, 2019లో వెలువరింపబడిన కొత్త ల్యాండ్ రోవర్ డిఫెండరు అను బండికి నిలిచియుండగా 300 కిలోలు, నడచుచుండగా 168 కిలోలు అని నిర్మాతలు చెప్పిరి. ఈ భేదమున కర్థమేమి? నిలిచిన బండిపై బరువు క్రిందికి ఒత్తును, అంతే. నడచు బండిపై బరువు ప్రతి గుంటలోను ఎగిరి పడును, ప్రతి మలుపులోను ప్రక్కకు లాగును, బ్రేకు వేసినప్పుడెల్ల ముందునకు తోసుకొని వచ్చును. ఈ రెండవ లెక్కయే మనకు ముఖ్యము. డిఫెండరుకు చెప్పిన అంకె మన బండికి చెల్లదు. చాల బండ్లకు హద్దు నూరు కిలోలకు లోపే. అంతేకాదు, ఆ హద్దులో క్యారియరు బరువుకూడ చేరియే యుండును. ఈ మాట చాలమంది యెరుగరు.

ఒక లెక్క వేసి చూతము. హద్దు 100 కిలోలు అనుకొందము. ఇనుప క్యారియరు 35 కిలోలు. స్టెప్నీ 28 కిలోలు. నిండిన నీళ్ళ క్యానులు రెండు, క్యాను ఇనుముతోకూడ ఒక్కొక్కటి 24 చొప్పున 48 కిలోలు. పొడుగు జాకీ 13 కిలోలు. మొత్తము 124 కిలోలు. గుడారము ఇంకను ఎక్కనేలేదు. హద్దు అప్పుడే 24 కిలోలు దాటినది. విడివిడిగా చూచినచో ఒక్కటియు బరువుగా తోచదు. కలిపి కూడినప్పుడే అసలు సంగతి బయటపడును.

బరువు పైకెక్కుటవలన కలుగు కీడును అంకెలలో చూపెదను. ఏ వస్తువునకైనను దాని బరువంతయు కేంద్రీకరించినట్లుండు ఒక బిందువుండును. దానిని శాస్త్రజ్ఞులు గరిమనాభి యందురు. 1,700 కిలోల జీపున కది నేలనుండి 70 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనియు, కుడి యెడమ చక్రముల నడిమి వెడల్పు 145 సెంటీమీటర్లనియు అనుకొందము. రెండు మీటర్ల ఎత్తున 200 కిలోల బరువు పెట్టగనే, గరిమనాభి 84 సెంటీమీటర్ల ఎత్తునకు లేచును. అంతకుముందు 46 డిగ్రీల వాలు వఱకు నిలువగల బండి, ఇప్పుడు 41 డిగ్రీలకే పడును. మలుపులోని విసురును తాళు శక్తి సుమారు ఆఱవవంతు తగ్గును. ఇది కాగితముమీది లెక్క. నిజమైన దారిలో స్ప్రింగులు ఒరుగును, ఒక చక్రము గుంటలో దిగును, మఱియొక చక్రము రాయి నెక్కును. కావున బండి అంతకు చాల ముందే పడును. పాడేరు, మారేడుమిల్లి ఘాటు మలుపులు దిగువారికి ఈ ఆఱవవంతు ఏపాటిదో వేఱుగా చెప్పనక్కరలేదు.

కనుక క్యారియరుపై ఏదైన పెట్టుటకు ముందు, ‘ఇది క్రింద పట్టదా?’ అని అడుగవలెను. నీళ్ళ క్యానులు, జాకీ, పనిముట్ల పెట్టె వంటి బరువులు బండి లోపల, నేలకు దగ్గఱగా, ముందుసీట్ల వెనుక కదలకుండ కట్టి యుంచదగినవి. పరుపులు, బరకము, ఖాళీ క్యానులు, దిగబడిన చక్రము క్రింద వేయు పలకలు – ఇట్టివి తేలికయై చోటు ఎక్కువ పట్టును గనుక పైకి పోవచ్చును. తప్పనిసరియై బరువైన దానిని పైన పెట్టవలసివచ్చినచో, ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ, కుడియెడమలు సరితూగునట్లు పెట్టవలెను. వెనుక అంచున బరువు పెట్టినచో ముందుచక్రములపై ఒత్తిడి తగ్గి, స్టీరింగు మాట వినదు. ఎద్దుబండి వెనుక బస్తాలు ఎక్కువైనప్పుడు కాడి పైకి లేచుట మీకు తెలిసినదే. పెట్రోలు క్యానును మాత్రము నెత్తిమీద ఎన్నడును పెట్టరాదు. ఎండకు కాగిన క్యానునుండి ఆవిరి వెడలును; బండి బోల్తాపడినచో అది లోపలివారిమీదనే ఒలుకును.

బిగించుట యందును కొన్ని మెలకువలు కలవు. కదలిక గల చోట మామూలు నట్టు నిలువదు. లోపల నైలాను వలయముగల నట్టు వాడవలెను. క్రొత్తగా బిగించిన పిదప వంద కిలోమీటర్లలోపల ఒకసారి అన్ని బోల్టులకు స్పానరు తిరిగి వేయవలెను. అల్యూమినియము క్యారియరుకు ఇనుప బోల్టు తగులుచోట, ఉప్పుగాలిగల సముద్రతీర గ్రామములలో అల్యూమినియము త్వరగా తినివేయబడును. నడుమ నైలాను వాషరు వేసిన ఆ బాధ తగ్గును. త్రాళ్ళ విషయమున, నైలాను త్రాడు తడిసినప్పుడు సాగును. నార త్రాడు తడిసి బిగిసి, ఎండిన పిమ్మట వదులగును. ఏ త్రాడైనను వాన వెలిసిన తరువాత బండి ఆపి చూచుకొనవలెను. పాత ట్యూబు ముక్కలతో కట్టుట సులువేగాని, సాగు గుణముగలది బరువును పట్టి ఉంచదు; పరుపునకు సరిపోవును, స్టెప్నీకి సరిపోదు.

అన్నిటికి మించిన పరీక్ష చేతితో చేయదగినది. క్యారియరు కమ్మిని రెండు చేతులతో పట్టి గట్టిగా ఊపవలెను. బండియంతయు స్ప్రింగులమీద ఊగినచో బిగింపు బాగున్నది. బండి నిలిచి, క్యారియరు మాత్రము కదలినచో ఆ బండి ఇల్లు కదలరాదు.

పైన దీపములు అమర్చువారు, దానికి వేఱుగా ఫ్యూజు పెట్టవలెను. తీగ దూరు బెజ్జమునకు రబ్బరు వలయము తొడుగవలెను. లేనిచో రేకు అంచు తీగ తొడుగును కోసి, బండికి నిప్పంటుకొనును. పదిమంది నడచు రోడ్డుమీద ఆ దీపములను వెలిగించుట ఎదుటివాని కన్నులు పొడిచినట్లే. నిర్మాతలు నిర్ణయించిన స్వరూపమునకు విరుద్ధముగా బండిని మార్చుటను 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. కావున ఏదేని బిగించుటకు ముందు రవాణాశాఖవారి నడిగి తెలిసికొనుట మేలు. ఆ చట్టముననే 123వ సెక్షను, బండి టాపుమీద మనుష్యులు ప్రయాణము చేయరాదని చెప్పుచున్నది. సంతరోజున క్యారియరు నిండ మనుష్యులు ఎక్కుట చూచుచున్నాము. 60 కిలోల మనిషి నెత్తిమీద కూర్చున్నచో, అది కట్టని బరువు. ప్రతి మలుపులోను తానై ప్రక్కకు ఒరుగు బరువు.

ఇంకొక ప్రమాదము కలదు. సామాను ఎక్కించిన తరువాత నేలనుండి పైకొన వఱకు కొలిచి, ఆ కొలతను కాగితముపై వ్రాసి డ్రైవరు కన్నుల ఎదుట అంటింపవలెను. చెట్టుకొమ్మలు, ఊరి స్వాగత ద్వారములు ఒక యెత్తు. పొలములమీద వ్రేలాడు కరెంటు తీగలు ఒక యెత్తు. 11 వేల వోల్టుల తీగకు క్యారియరు మీది ఇనుప గొట్టము తాకినచో బండి యంతయు విద్యుత్తుతో నిండును. అట్టి సమయమున లోపలివారు లోపలనే యుండి, విద్యుత్ శాఖకు కబురు చేయవలెను. ఎవరును బండిని సమీపింపరాదు. నిప్పంటుకొని తప్పక దిగవలసివచ్చినచో, ఒక చేయి బండిపై నుండగా కాలు నేల మోపరాదు. రెండు కాళ్ళు జతచేసి దూరముగా దుమికి, అడుగులు విడదీయక జరుగుచు తొలగిపోవలెను.

ఈ ప్రసంగము ముఖ్యముగా పెద్దలకే యని తలచుటకు కారణము చెప్పెదను. కొండ గ్రామములలో జీపు సంతకు మాత్రమే పోదు. అర్ధరాత్రి నొప్పులు పడుచున్న స్త్రీని ఆసుపత్రికి చేర్చునదియు ఆ జీపే. ఆ రాత్రి వర్షము కురియుచుండవచ్చును, దారి జారుచుండవచ్చును, డ్రైవరు తొందరలో నుండును. అప్పటికి నాలుగు దినముల క్రిందట పైకెక్కించిన బరువు పైననే యున్నచో, దానిని దింపుటకు ఎవరికిని తీఱిక యుండదు, తలపును రాదు. అందుచేత బండి ఇంటికి వచ్చిన దినముననే క్యారియరు ఖాళీచేయుట ఒక ఆచారముగా పెట్టుకొనవలెను. ఎద్దుల నిప్పిన పిదప కాడి దించకుండ ఎవడును నిద్రపోడు గదా!

ఎంత సామాను మోయగలదని గొప్ప చెప్పుకొనుట పడుచువాని తత్త్వము. ఎంత మోయనక్కరలేదో చెప్పుట పెద్దవాని బాధ్యత. రేపు మీ వాకిట జీపు నిలిచినప్పుడు ఒక్కసారి చేయెత్తి ఆ క్యారియరును ఊపి చూడుడు. కంపెనీ పుస్తకము తెమ్మని అడుగుడు. అందులోని అంకెను పైనున్న బరువుతో పోల్చి చూడుడు. ఎక్కువైనది క్రిందికి దింపింపుడు. పిల్లలు మొదట విసుగుకొందురు. ఘాటు దిగి క్షేమముగా ఇల్లు చేరిన పిమ్మట మీ మాట విలువ వారికే తెలియును.