సమాధికి ఎలుగుబంట్ల కాపలా

వైకింగులంటే పడవల్లో వచ్చి ఊళ్లు దోచుకుపోయేవాళ్లనే మనం సినిమాల్లో చూశాం. కానీ వాళ్లలో చాలామంది ఉత్తర ఇంగ్లండ్‌లోనే పొలాలు దున్నుకుంటూ స్థిరపడిపోయారు. మెల్లగా క్రైస్తవంలో కలిశారు. 10వ శతాబ్దంలో వాళ్ల సమాధుల మీద పెట్టడానికి చెక్కిన రాళ్లే హాగ్‌బ్యాక్‌లు. నడుమ ఉబ్బెత్తుగా పంది వీపులా ఉంటాయి కాబట్టి ఆ పేరు. చెక్కినవాడి మనసులో ఉన్నది మాత్రం ఇల్లు. కొన్నిటికి కప్పు మీద పెంకుల వరసలు కూడా దిద్దారు. వింతేమిటంటే, వైకింగుల సొంతగడ్డ అయిన డెన్మార్క్, నార్వేల్లో ఇలాంటివి లేవు. ఇవి బ్రిటన్‌కు వచ్చాక పుట్టినవే.

వీటన్నిటిలో ముద్దొచ్చేవి నార్త్ యార్క్‌షైర్‌లోని బ్రాంప్టన్ అనే పల్లెలో ఉన్నాయి. 1867లో చర్చికి మరమ్మతులు చేస్తుంటే బయటపడ్డాయి. కప్పుకు రెండు కొసలా రెండు ఎలుగుబంట్లు ఎదురెదురుగా కూర్చుని, ముందుకాళ్లతో ఇంటిని గట్టిగా వాటేసుకుని ఉంటాయి. దగ్గరికెళ్లి చూస్తే వాటి మూతులకు పట్టీలు! నూర్పిళ్లప్పుడు మన ఎద్దులకు చిక్కం కట్టినట్టే. కాపలా పెట్టిన ఎలుగుకు మూతి ఎందుకు బిగించారో పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. కొన్ని రాళ్లను డరమ్ కెథీడ్రల్‌కు తరలించారు, మిగతావి ఊరి చర్చిలోనే ఉన్నాయి.

బరువులో గెలుపు స్కాట్లండ్‌ది. గ్లాస్గోలోని గోవన్ పాత చర్చిలో అయిదు హాగ్‌బ్యాక్‌లున్నాయి. పెద్దది అర టన్ను పైమాటే. అదే చర్చి ఆవరణలో ఉండిన మరికొన్ని పాత సమాధి పలకలు 1970లలో పక్కనున్న ఓడల కర్మాగారాన్ని కూల్చినప్పుడు శిథిలాలతో పాటు పోయాయనుకున్నారు. 2019లో స్థానికులతో కలిసి జరిపిన తవ్వకంలో ఒక బడిపిల్లాడు వాటిలో ఒకదాన్ని కనిపెట్టాడు. మొత్తం మూడు దొరికాయి.

ఎత్తులో మొదటిది కంబ్రియాలోని గాస్‌ఫర్త్ శిలువ. సమాధి రాయి కాదనుకోండి, అయినా దీన్ని వదిలేస్తే ఈ జాబితాకు అర్థం లేదు. దాదాపు 4.4 మీటర్ల ఎర్ర ఇసుకరాయి, వెయ్యేళ్లకు పైగా వానలో చర్చి ముంగిట నిలబడే ఉంది. ఒక పక్క శిలువ మీద క్రీస్తు. మరో పక్క పాత నార్స్ కథలోని లోకీ: కట్టిపడేశారు, పైనుంచి పాము విషం చిమ్ముతోంది, అది మొగుడి మీద పడకుండా సిగిన్ గిన్నె పట్టుకుని ఉంది. కొత్త దేవుడు, పాత దేవుళ్లు ఒకే రాయి మీద సర్దుకున్నారు. అదే చర్చిలోని రెండు హాగ్‌బ్యాక్‌లనైతే తర్వాతి తరాల వాళ్లు పునాదిలో వేసేశారు; 19వ శతాబ్దం చివర్లో గానీ బయటికి రాలేదు.

కట్టుకథల్లో ఫస్టు ప్రైజు కంబ్రియాలోనే ఉన్న పెన్రిత్ అనే ఊరిది. సెయింట్ ఆండ్రూస్ చర్చి ఆవరణలో రెండు నిలువు శిలువల మధ్య నాలుగు హాగ్‌బ్యాక్‌లుంటాయి. ఊరివాళ్లు దాన్ని రాక్షసుడి సమాధి అంటారు. ఈ కొస తల, ఆ కొస కాళ్లట! నడుమ ఉన్న నాలుగు రాళ్లు అతను వేటాడిన అడవిపందులట!

బ్రిటన్‌లో ఉంటున్న మనవాళ్లు లేక్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తే పెన్రిత్‌లో ఓ గంట ఆగండి. ఊళ్లోనే రైల్వే స్టేషన్ ఉంది, రాళ్లేమో ఆరుబయటే ఉన్నాయి.