అనావృష్టి సీమలో పెరటితోట

కణ్వాశ్రమమున శకుంతల మొక్కలకు నీరు పోయనిదే తాను నీరు త్రాగెడిది కాదని కాళిదాసు తన నాటకమున వర్ణించియున్నాడు. బాల్యమున ఆ ఘట్టమును చదువుకొన్నప్పుడు నాకది మిక్కిలి మనోహరముగా తోచినది. ఈ అనంతపురపు సీమలో కాపురము చేయ నారంభించిన పిదప మాత్రము అందులో నొక చిక్కు కనబడినది. ఆ ఆశ్రమము చెంత మాలినీనది ప్రవహించుచుండెను. మన పెన్నయు, చిత్రావతియు సంవత్సరములో పెక్కు నెలలు ఇసుకయే గదా! కొళాయి ఎప్పుడు వచ్చునాయని బిందెలు వరుసబెట్టి కాచియుండు ఇల్లాలు మొక్కకు నీరెక్కడ తెచ్చును? తాను త్రాగుటకు ముందు పోయుట ధర్మమా, త్రాగగా మిగిలినది పోయుట ధర్మమా?

ఈ ప్రశ్నకు నాకు గ్రంథములలో సమాధానము దొరకలేదు. పెరటిలోనే దొరికినది. దానిని సోదరీమణులతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

మన సీమకు నీటి కొరత యేల కలిగినదో ముందుగా తెలిసికొనవలెను. నైరృతి ఋతుపవనములు తెచ్చు మేఘములు పడమటి కనుమల ఆవలనే కురిసి, ఈవలకు వట్టి గాలిని పంపును. ఈశాన్య ఋతుపవనములు తూర్పు తీరమున బలముగా నుండి, మన పీఠభూమికి చేరునప్పటికి నీరసించును. సంవత్సరమునకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే మనకు దక్కును. అందులో పెద్దభాగము సెప్టెంబరు, అక్టోబరు నెలలలో పడును. 1876-78 నాటి ధాత కరవు కథలను మన పెద్దలు తమ పెద్దలవలన విని చెప్పుచుండిరి. 1882లో బళ్ళారినుండి విడివడి అనంతపురము జిల్లా యైనది. 2022లో మరల రెండు జిల్లాలైనది. ఎల్లలు మారినవి గాని మేఘములు తమ దారి మార్చుకొనలేదు.

ఒకప్పుడు మన చేలలో కొఱ్ఱలు, సామలు, రాగులు, కందులు, అనుములు కలిసి పెరిగెడివి. తరువాత వేరుసెనగ వచ్చి చేలనన్నిటిని ఆక్రమించినది. పంట పండిన యేట చేతికి రూకలు వచ్చును. ఎండిన యేట అప్పు మిగులును. పండినను ఎండినను కుండలోనికి కూర మాత్రము సంతనుండియే రావలెను. కూరల వెల పెరిగిన దినమున ఇంటిలో మొదట తగ్గునది ఇల్లాలి పళ్ళెములోని కూరయే. అందరికి వడ్డించి, అడుగున మిగిలిన పులుసుతో అన్నము కలుపుకొని లేచుట మనకు అలవాటైపోయినది.

ఈ అలవాటునకు ఫలమేమో లెక్కలే చెప్పుచున్నవి. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల వయసు గల స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత కలదని తేలినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార నియమములలో, మనిషి యొక్కరికి దినమునకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెనని చెప్పియున్నారు. అయిదుగురున్న యింటికి రెండు కిలోల కూరలన్నమాట! అన్నియు కొని తినగల గృహములు మనలో ఎన్ని? కాబట్టి పెరడు వేడుక కొరకు కాదు, ఒంటిలోని రక్తము కొరకు అని నేను చెప్పుచున్నాను.

నా మొదటి యేటి భంగపాటు

మొదటి సంవత్సరము నేను చేసిన పని చెప్పుటకు సిగ్గుగా నున్నది. డెల్టా ప్రాంతమువారు వ్రాసిన పుస్తకమును చూచి, మన్ను ఎత్తుగా పోసి కట్టలు కట్టి, వాటిపై వంగ, బెండ, తోటకూర నాటితిని. నీరు ఎక్కువగా నిలుచు నేలకు ఆ పద్ధతి తగినది. మన ఎఱ్ఱనేలలో పోసిన నీరు రెండు గడియలలో ప్రక్కలకు జారి, గాలికి ఆరిపోవుచుండెను. ఆషాఢమాసపు గాలి సంగతి మీకు తెలియనిది కాదు. రామగిరి కొండలమీద మరలను నిలిపి విద్యుత్తు తీయుచున్నది ఆ గాలినుండియే. ఆ గాలికి నా మొక్కలు నెల తిరుగకుండ మాడిపోయినవి. దినమునకు ఆరు బిందెలు మోసి పోసితిని. నడుము నొప్పియే పంటగా వచ్చినది.

అప్పుడు పొరుగింటి అవ్వ గోడమీదుగా చూచి నవ్వి యిట్లనినది: “నీళ్ళు గట్టెక్కవు గదమ్మా! మన భూమిలో చెట్టు గుంతలో ఉండల్ల. అయినా మోసిన నీళ్ళు ఎవరన్నా చెట్టుకు పోస్తారా తల్లీ? పోసుకున్న నీళ్ళు యాడికి పోతాండాయో చూసుకోగూడదా?”

నాకు కనువిప్పైనది. ఆ దినము మొదలు ఒక నియమము పెట్టుకొంటిని: పెరటి కొరకు ప్రత్యేకముగా ఒక్క బిందెయు మోయరాదు. ఒకసారి యింటిలో పని చేసిన నీరే మరల తోటలో పని చేయవలెను.

నీటి లెక్క

చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరనగా సరిగా ఒక లీటరు. కూరమడికి సాధారణ దినములలో దినమునకు నాలుగు మిల్లీమీటర్లు, నడివేసవిలో ఆరేడు కావలెను. పది చదరపు మీటర్ల మడికి 40 లీటర్లన్నమాట. అనగా 15 లీటర్ల బిందెలు మూడింటికి లోపు. అయిదుగురున్న యింటిలో స్నానమునకు తలకొక బిందె వాడినను 75 లీటర్లు. బియ్యము, కూరలు కడిగినవి, గిన్నెలు తొలిచినవి మరి 25 లీటర్లు. ఇంత నీరు దినదినము కాలువ పాలగుచుండగా, నీరు లేదని తోట మానుకొంటిమి.

అయితే ఏ నీరు దేనికో వివేకముండవలెను. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ఆకుకూరలకు శ్రేష్ఠము. స్నానపు నీటిని మునగ, బొప్పాయి, నిమ్మ, అరటి పాదులకు త్రిప్పవలెను. సబ్బుపొడితో బట్టలుతికిన మురికినీరు మొక్కలకు పనికిరాదు. రెండవసారి జాడించిన నీరు చెట్లకు ఒకనాడు విడిచి ఒకనాడు పోయవచ్చును. పచ్చిగా తిను ఆకులమీద వాడిన నీరు పోయరాదు. ఆ నీటిని నిలువ బెట్టరాదు. ఏనాటిది ఆనాడే నేలలో ఇంకవలెను, లేనిచో దోమలు చేరును.

ఇక వాననీరు. నలుబది చదరపు మీటర్ల మిద్దెపై ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడిన 22,000 లీటర్లు; నాలుగవ వంతు వ్యర్థమైనను 16,500 లీటర్లు, అనగా 1,100 బిందెలు! దానిని తొట్టిలో పట్టలేకున్నను, గొట్టమును పెరటి గుంతలోనికి మరల్చిన చాలును. నేలయే మన తొట్టి.

మడియు, కుండయు

మన సీమలో మడి నేలమట్టముకన్న జానెడు లోతుగా నుండవలెను. వైశాఖ జ్యేష్ఠములలోనే మూరెడు లోతు త్రవ్వి, ఎండుటాకులు, మాగిన పేడ యెరువు, పైమన్ను కలిపి జానెడు ఖాళీయుంచి పూడ్చవలెను. మొక్కలు లేచిన తరువాత మొదళ్ళచుట్టును ఎండుగడ్డి, వేరుసెనగ పొట్టు, చెఱకు పిప్పి ఏది దొరికిన నది మూడంగుళముల మందమున కప్పవలెను. కప్పిన మడికి కప్పని మడికన్న ఎంతో తక్కువ నీరు పట్టుట నేను కన్నులార చూచితిని.

తీగజాతులకు కుండ పద్ధతి మిక్కిలి మేలైనది. అయిదారు లీటర్లు పట్టు, రంగు పూయని క్రొత్త మట్టికుండను మెడవరకు నేలలో పాతి, నీరు నింపి మూత వేయవలెను. చుట్టును నాలుగు సొర, బీర, కాకర గింజలు నాటవలెను. నేల ఆరినప్పుడు కుండ చెమర్చి నీరిచ్చును, నేల తడిగా నున్నప్పుడు మానును. మూడు నాలుగు దినముల కొకసారి నింపిన చాలును. చీనాదేశమున క్రీస్తుపూర్వము మొదటి శతాబ్దిలోనే ఫాన్ షెంగ్-ఝి యను కృషిశాస్త్రజ్ఞుడు ఈ పద్ధతిని వ్రాసియుంచెను. వేసవిలో చలివేంద్రపు కుండ చెమర్చుట దినదినము చూచు మనకు ఇది తోచకపోవుట వింతయే.

గాలికి అడ్డముగా పడమటి దిక్కున అవిసె, కంది, ఆముదము వరుసగా వేయవలెను. మేకలకు అడ్డముగా కంపకోట తప్పదు.

ఏ కాలమున ఏవి?

మృగశిర, ఆర్ద్ర కార్తెలలో గోరుచిక్కుడు (మన యెదుట మటిక్కాయ), బెండ, పుంటికూర, అలసంద వేయవచ్చును. మటిక్కాయకు సాటియైన బీద బంధువు లేదు. నీరు తక్కువైనను నొచ్చుకొనదు. శ్రావణమున చిక్కుడు పాదు పెట్టిన చలికాలమెల్ల కాయును. పుబ్బ, ఉత్తర కార్తెలలో వాన నమ్మకముగా పడును గనుక వంగ, టమాటో నారు అప్పుడు నాటవలెను. పండ్లచెట్లు పెట్టుటకును అదియే అదను. కార్తికమునుండి మాఘమువరకు మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి. వేసవిలో దురాశ వలదు: నీడపట్టున తోటకూర, బచ్చలి పెట్టుకొని, చెట్లను బ్రతికించుకొన్న చాలును.

పండ్లలో దానిమ్మ, సీతాఫలము, రేగు, నిమ్మ మన నేలకు సహజములు. బొప్పాయి ఏడాది తిరుగకుండ ఫలమిచ్చును. మునగచెట్టు లేని పెరడు దీపము లేని యిల్లు. కాయయే కాదు, దాని లేతాకు నేత్రములకును రక్తమునకును మేలు చేయును. ఆకుకూర తిన్నప్పుడు నిమ్మరసము పిండుకొనుట, భోజనము కాగానే కాఫీ త్రాగకుండుట అను రెండు నియమములు పాటించిన అందలి ఇనుము ఒంటికి పట్టును.

పూవుల మాట మరచితి ననుకొనకుడు. కనకాంబరము మన సీమ ముద్దుబిడ్డ. కొద్దిపాటి నీటితో, కొంచెము నీడలో గూడ పూయును. బంతిని వంగ, టమాటోల నడుమ వేసిన వేళ్ళకు బుడిపెలు పుట్టించు నులిపురుగు తగ్గును. గన్నేరు అందమైనదే గాని దాని ప్రతి భాగమును విషము. పిల్లలున్న యింట దూరముగా నుంచవలెను. పండుగనాడు మూర పూలకై కూతురు తల్లివైపును, తల్లి తండ్రివైపును చూడవలసిన పని లేకుండుట చిన్న సంగతి యని నే ననుకొనను.

ఎరువు, మందు, విత్తు

పేడ అరకిలో, గోమూత్రము అరలీటరు, బెల్లము 100 గ్రాములు, శనగపిండి 100 గ్రాములు, పిడికెడు గట్టుమన్ను పది లీటర్ల నీటిలో కలిపి, నీడలో రెండు దినములుంచి, ఉదయ సాయంకాలములు కలియబెట్టిన జీవామృతమగును. 2016 నుండి ఆంధ్రప్రదేశమున రైతు సాధికార సంస్థ వారు వ్యాపింపజేయుచున్న ప్రకృతి వ్యవసాయమున దీనినే వాడుచున్నారు. పురుగు పట్టినప్పుడు 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి, గుడ్డలో కట్టి, లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, పిండి, కొంచెము సబ్బునీరు చేర్చి సాయంకాలమున చల్లవలెను. బెండ ఆకు ఈనెలు పసుపుపచ్చనైనచో మందు వెదకక ఆ మొక్కను పీకివేయుటయే మేలు. తెల్లదోమ ఆ తెగులును తక్కినవాటికి మోయును.

ప్రతి జాతిలోను మొదట కాచిన మంచి కాయను కోయక ముదరనిచ్చి, విత్తులారబెట్టి, బూడిద కలిపి సీసాలో దాచుడు. సంకరజాతి విత్తనము మరుసటి యేడు తల్లిని పోలదు గనుక, విత్తునకు నాటుజాతియే ఉంచుకొనవలెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా, బ్రిటను దేశములలో స్త్రీలు ఇంటి ముంగిళ్ళను త్రవ్వి కూరలు పండించిరి. 1943లో అమెరికా అధ్యక్షుని భార్య యెలినార్ రూజ్వెల్టు శ్వేతభవనపు తోటలోనే కూరమడి వేయించెను. యుద్ధము ముగియగానే వారిలో పెక్కుమంది మానిరి. మన యుద్ధము కరవుతో. అది ముగియునది కాదు, కాబట్టి మనము మానుటకు వీలులేదు.

పది చదరపు మీటర్ల మడితో సంత మానుకొందుమని నేను మాట యీయజాలను. మా యింటికి ఇప్పటికిని ఉల్లిగడ్డలు, దుంపలు సంతనుండియే వచ్చును. కాని ఆకుకూర లేని దినము లేదు. కరివేపాకునకు పొరుగింటికి పోవుట లేదు. అన్నిటికన్న ముఖ్యముగా, అందరికి వడ్డించిన తరువాత గిన్నెలో నా పాలు కూర మిగిలియున్నది. నిరుడు వాన తప్పిన నెలలలో సైతము మునగయు మటిక్కాయయు మమ్ము విడువలేదు.

శకుంతల తాను త్రాగకముందు మొక్కలకు పోసెను. ఆమె యెదుట నదియున్నది. మనము త్రాగి, వండి, స్నానమాడి, ఆ నీటినే మొక్కలకు పోయుదము. నీరు కరవైన సీమలో ఇదియే మన ఆశ్రమధర్మము. ఈ సాయంకాలము బియ్యము కడిగిన నీటిని పారబోయుటకు గిన్నె యెత్తినప్పుడు, సోదరీ, ఒక్క నిమిషమాగి అది ఎక్కడికి పోవుచున్నదో చూడుము. అక్కడనే నీ మొదటి పాదు త్రవ్వుము.