ఒక రోజు మన కోసం: సియోల్ బజారులో ఒంటరిగా

బజారుకి వెళ్ళడం మనకి కొత్తేమీ కాదు కదండీ! హైదరాబాదు సుల్తాన్ బజారైనా, విజయవాడ బీసెంట్ రోడ్డైనా చేతిలో సంచీ, మనసులో చిట్టా పెట్టుకుని బయల్దేరుతాం. అత్తగారికి మందులు, పిల్లలకి సాక్సులు, ఇంట్లోకి గిన్నెలు... అన్నీ అయ్యి మన వంతు వచ్చేసరికి బస్సు టైమైపోతుంది. ఎవరికోసమూ కాకుండా, ఒక్కరమే, తీరిగ్గా సాయంత్రం దాకా తిరిగిన రోజు ఒక్కటైనా ఉందేమో గుర్తు చేసుకోండి. నాకైతే గుర్తు రాలేదు.

ఇప్పుడు మన పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ కొరియాకి కూడా వెళుతున్నారు. వాళ్ళని చూడటానికి మనం వెళితే, వాళ్ళు పొద్దున్నే ఆఫీసుకి పోయాక పగలంతా గదిలో గోడలు చూస్తూ కూర్చోవడమే. మా అమ్మాయి దగ్గర నాకూ రెండు రోజులు అలాగే గడిచింది. మూడో రోజు "నేనొక్కదాన్నే బజారుకెళ్ళి వస్తానే" అన్నాను. "భాష రాదు కదమ్మా!" అంది. ఇంటర్ దాకా చదివిన ఇంగ్లీషుతో అక్కడ పెద్ద పని లేదు, చాలామంది దుకాణదార్లకీ ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఇద్దరికీ రానప్పుడు ఇక బెరుకు దేనికండీ? ధర అడిగితే కాలిక్యులేటర్ మీద నొక్కి చూపిస్తారు. అంకెలు ఎక్కడైనా అంకెలే!

దారి ఎలా తెలుస్తుంది?

సియోల్ మెట్రోలో ప్రతి లైనుకీ ఒక రంగు, ప్రతి స్టేషనుకీ ఒక నంబరు ఉంటాయి. పేరు నోరు తిరక్కపోయినా నంబరు గుర్తుంటే చాలు. నాలుగో లైను లేత నీలం రంగు. అందులో సియోల్ స్టేషన్ 426, దాని పక్కది 425 హోహ్యాన్, ఆ తర్వాతది 424 మియోంగ్‌డాంగ్. బయటికి వచ్చే మెట్లకి కూడా నంబర్లే. నామ్‌డేమున్ మార్కెట్‌కి 425లో దిగి అయిదో నంబరు మెట్లు ఎక్కాలి. టీ-మనీ అనే కార్డు చిన్న చిన్న దుకాణాల్లో కూడా అమ్ముతారు. అందులో డబ్బు వేయించుకుంటే రైలుకీ బస్సుకీ అదే పనికొస్తుంది. బోగీ చివర ఉండే సీట్లు పెద్దవాళ్ళకి, గులాబీ రంగు సీట్లు గర్భిణీలకి. ఖాళీగా ఉన్నా వాటిలో కూర్చోకండి.

పొద్దున నామ్‌డేమున్

నామ్‌డేమున్ అంటే దక్షిణపు పెద్ద ద్వారం. 1398లో కట్టిన ఆ ద్వారం పక్కనే ఈ మార్కెట్ ఉంది. 2008లో ఒకతను నిప్పుపెట్టడంతో పైనున్న చెక్క కట్టడం చాలావరకు కాలిపోయింది. ఓపిగ్గా మళ్ళీ కట్టి 2013లో తెరిచారు.

మార్కెట్లోకి అడుగు పెడితే మన ప్రాణం లేచొస్తుందండీ! స్టీలు గిన్నెలు, పింగాణీ, రాతి గిన్నెలు, పిల్లల బట్టలు, కళ్ళజోళ్ళు, ఎండు చేపలు, సముద్రపు నాచు కట్టలు... సందులన్నీ కిక్కిరిసి ఉంటాయి. కొన్న మీదట రెండు మూడు ఒకేచోట తీసుకుంటే కాస్త తగ్గిస్తారు. బేరం నవ్వుతూ చెయ్యాలి, ఒకసారి అడిగి ఊరుకోవాలి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి ఆ రోజు వెళ్ళకండి.

వేడన్నం

మధ్యాహ్నం భోజనానికి ఒంటరిగా హోటల్లోకి వెళ్ళడానికి నా కాళ్ళు కాసేపు తటపటాయించాయి. అక్కడ ఒక్కరే తినడానికి 'హోన్‌బాప్' అని ఒక మాటే ఉంది. ఆడపిల్లలు, పెద్దవాళ్ళు ఎంతోమంది ఒక్కరే కూర్చుని తింటారు, ఎవరూ వింతగా చూడరు. అయితే బల్ల మీద మాంసం కాల్చుకునే హోటళ్ళలో చాలాచోట్ల ఇద్దరికి తక్కువైతే ఇవ్వరు. ఒక్కరే వెళ్ళినవాళ్ళు నూడుల్సు, అన్నం పెట్టే చోటు చూసుకోవాలి.

వడ్డించే పెద్దావిడని అక్కడ 'ఇమో' అని పిలుస్తారు. అంటే అమ్మ తోబుట్టువు, మన పిన్నీ, పెద్దమ్మా అన్నమాట! నేను 'బిబింబాప్' తెప్పించుకున్నాను. కాలే రాతి గిన్నెలో అన్నం, పైన రకరకాల కూరలు, మిరపకాయ ముద్ద. కలుపుతుంటే అడుగున అన్నం చిటపటలాడుతుంది. పక్కన కిమ్చీ, మొలకలు, ముల్లంగి చిన్న చిన్న గిన్నెల్లో పెట్టారు. వాటికి వేరే డబ్బు లేదు, అయిపోతే మళ్ళీ పెడతారు.

అందరికీ వడ్డించి, చివర్లో చల్లారిన అన్నం తినడం అలవాటైన చెయ్యి కదండీ మనది! పొగలు కక్కే అన్నం మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా, మధ్యలో లేవకుండా తిన్నాను. నా పెళ్ళయ్యాక అలా తిన్న గుర్తు లేదు. కళ్ళు చెమర్చాయి, మిరపకాయ వల్లే అనుకోండి!

శాకాహారులకి ఒక మాట. కిమ్చీలో ఎక్కువగా చేపల రసమో, ఉప్పు రొయ్యలో వేస్తారు. కూరగాయల సూపుకి కూడా ఎండు చేపలు మరిగించిన నీళ్ళు వాడతారు. 'గోగీ ప్పేజుసెయో' అంటే మాంసం వెయ్యొద్దని. చేపా, గుడ్డూ వద్దంటే అవి కూడా విడిగా చెప్పాలి. పిల్లల చేత కొరియా భాషలో చీటీ మీద రాయించుకుని వెళ్ళడం అన్నిటికంటే మంచిది.

సాయంత్రం మియోంగ్‌డాంగ్

అక్కణ్ణించి పదిహేను నిముషాలు నడిస్తే మియోంగ్‌డాంగ్. వెలుగు పేట అని అర్థం. వీధి చివర గట్టు మీద 1898లో పూర్తయిన ఎర్ర ఇటుకల చర్చి ఉంది. 1987లో ప్రజాస్వామ్యం కోసం పోరాడిన విద్యార్థులకి ఆశ్రయమిచ్చింది ఈ చర్చే. లోపల కాసేపు కూర్చుంటే కాళ్ళ నొప్పులు తీరతాయి.

కరోనా రోజుల్లో యాత్రికులు లేక ఈ వీధిలో ఎన్నో దుకాణాలు మూతపడ్డాయి. ఇప్పుడు మళ్ళీ కళకళలాడుతోంది. ఎటు చూసినా ముఖానికి రాసుకునే క్రీములు, మాస్కులే! గుమ్మంలో అమ్మాయి ఒక మాస్కు చేతిలో పెట్టి లోపలికి పిలుస్తుంది. పుచ్చుకున్నంత మాత్రాన కొనాలని లేదు. కొనేముందు ఇవి గమనించండి:

* మన చామనఛాయకి సరిపడే పౌడరు రంగులు అక్కడ తక్కువ. ఎండకి రాసుకునే క్రీములు, మాస్కులు తీసుకోండి.
* డబ్బా మీదున్న తేదీ తయారైనదా, గడువుదా అని అడగండి.
* పాస్‌పోర్టు దగ్గరుంచుకోండి. పన్ను వాపసిచ్చే దుకాణంలో 15,000 వాన్లు, ఆ పైన కొంటే కొంత పన్ను తిరిగొస్తుంది. వెయ్యి వాన్లంటే మన అరవై రూపాయల పైమాట.
* దారి తెలియకపోతే ఎర్ర దుస్తుల్లో తిరిగే గైడ్లని అడగండి. యాత్రికుల సహాయానికి 1330, పోలీసులకి 112.

సాయంత్రమయ్యేసరికి వీధి మధ్యలో తోపుడుబళ్ళు వరసగా వచ్చేస్తాయి. గుడ్డు పెట్టి కాల్చిన రొట్టె, పుల్లకి చుట్టిన బంగాళాదుంప, కాల్చిన చిలగడదుంప, కారం గుజ్జులో బియ్యప్పిండి ముక్కలు... ధరల బోర్డు చూసి కొనండి. చెత్తబుట్టలు తక్కువ కాబట్టి బండి దగ్గరే తినేసి కాగితం అక్కడే ఇవ్వాలి. ఒక బండావిడ నా చీర కుచ్చిళ్ళు ముట్టుకుని "యెప్పోయో" అంది. బావుందని! ఇద్దరం నవ్వుకున్నాం, ఇంకేం మాటలు కావాలి?

అందరికీ సాక్సులు కొన్నాను. చివరికి పర్సులో మిగిలిన డబ్బు దాచెయ్యబోయి ఆగి, ఒక ఊదారంగు ఉన్ని శాలువా నా కోసం కొన్నాను. ఇంట్లోకి కాదు, ఎవరికీ ఇవ్వడానికీ కాదు. మీరు వెళ్ళేది సియోల్‌కే కానక్కర్లేదండీ, పక్క ఊరి బజారుకైనా సరే. చిట్టాలో మొదటి వరసలో మీ పేరు రాసుకోండి.

ఇంట్లో చేసుకునే హోత్తొక్

బండి మీద తిన్న ఈ తీపి రొట్టె మన బొబ్బట్టుకి చెల్లెలే.

రెండు కప్పుల మైదా, కప్పు గోరువెచ్చని నీళ్ళు, రెండు చెంచాల ఈస్టు, రెండు పెద్ద చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, ఒక పెద్ద చెంచా నూనె కలిపి మూతపెట్టి గంటసేపు ఉంచండి. పిండి రెట్టింపు పొంగాక చేతికి నూనె రాసుకుని ఎనిమిది ఉండలు చెయ్యండి. అరకప్పు బెల్లం పొడి, చెంచా దాల్చినచెక్క పొడి, రెండు పెద్ద చెంచాల వేయించిన వేరుశనగపప్పు పలుకులు కలిపి లోపల పెట్టి మూసెయ్యండి. పెనం మీద నూనె వేసి, ఉండ పెట్టి, ఒకవైపు కాలాక తిప్పి అట్లకాడతో నొక్కండి. సన్నని సెగ మీద రెండువైపులా ఎర్రగా కాల్చండి. లోపల పాకం సలసలా కాగుతూ ఉంటుంది, పిల్లలకి కాస్త ఆగి ఇవ్వండి. మొదటిది మాత్రం మీరే తినండి, వేడిగా!