ఇంటర్వెల్ తర్వాత కూడా స్టెప్పులుండాలి!

సినిమాకెళ్ళిన ప్రేక్షకుడు ఫస్టాఫ్ కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాడు గానీ, ఇంటర్వెల్ తర్వాత కథ నడవకపోతే మాత్రం సీట్లో కూర్చోలేడు. మనిషి జీవితమూ అంతే! అరవై దాటాక కథ చక్కగా నడవాలంటే ముందు కాళ్ళు నడవాలట. ఈ మాటంటున్నది ఏ తైలాల వ్యాపారో, చూర్ణాల కంపెనీయో కాదు... ఏళ్ళ తరబడి మెదడు మీద పరిశోధనలు చేసిన డాక్టర్లు.

"ఆటా పాటా కోసం పేజీ తిప్పితే మధ్యలో ఈ డాక్టర్ల గోలేమిటి గురూ?" అంటారా? కాస్త ఆగండి. ఆటాపాటా దగ్గరికే వస్తున్నాను.

కందుకూరులో ఓ సాయంత్రం

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో, రంగారెడ్డి జిల్లాలో ఉంది కందుకూరు. మా పెద్దమ్మది ఆ ఊరే. కిందటేడాది బతుకమ్మ పండక్కి అక్కడికెళ్ళాను. ఒకప్పుడు పొలం పనీ, ఇంటి పనీ ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషామె. కొన్నేళ్ళ క్రితం మా అన్నయ్య ప్రేమకొద్దీ, "ఇగ నువ్వు కూసో అమ్మా, అన్నీ మేం చూస్కుంటం" అన్నాడు. పెద్దమ్మ కూర్చుంది. మంచం, టీవీ, మళ్ళీ మంచం! ఆ రోజు నన్ను ఎగాదిగా చూసి, "ఎవరింటి పిలగానివి బిడ్డా?" అనడిగింది. నా నోట మాట రాలేదు.

సాయంత్రం ఆడవాళ్ళంతా బతుకమ్మల్ని మధ్యలో పెట్టి చుట్టూ చేరారు. వదిన పెద్దమ్మ చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి వరసలో నిలబెట్టింది. పాట అందుకున్నారో లేదో, పెద్దమ్మ వంగుతోంది, చప్పట్లు కొడుతోంది, అడుగు ముందుకేస్తోంది. ఎక్కడా తాళం తప్పితే ఒట్టు! నా పేరు మరిచిన మనిషి అడుగు మాత్రం మరవలేదు.

కూర్చోబెట్టినందువల్లే మతిమరుపు వచ్చిందని ఏ డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. మేమూ అలా అనుకోవడం లేదు. కానీ పెద్దవాళ్ళని కదలనివ్వకపోవడం ప్రేమేనా అన్న ప్రశ్న మాత్రం ఆ రోజు నుంచీ నన్ను వదల్లేదు. జవాబు కోసం వెతికితే దొరికిన సంగతులే ఇవి.

డాన్సుకే ఓటు!

2003లో అమెరికాలో డాక్టర్ జో వర్గీస్ బృందం 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించిన ఫలితాలు ప్రకటించింది. ఈత, సైకిలు, నడక, ఇంటిపని... ఇలా 11 రకాల శ్రమల్లో డిమెన్షియా, అంటే తీవ్రమైన మతిమరుపు జబ్బు, తక్కువగా కనిపించింది ఒక్క డాన్సు చేసేవాళ్ళలోనే! స్టెప్పు గుర్తుంచుకోవాలి, తాళం వినాలి, పక్కవాళ్ళతో కలవాలి... ఒక్క డాన్సులో మెదడుకి ఎన్ని పనులో చూశారా? అయితే డాన్సువల్ల మెదడు బాగుందా, మెదడు బాగున్నవాళ్ళే డాన్సుకెళ్ళారా అన్నది ఆ లెక్కతో తేలదు.

నడకని తీసిపారెయ్యకండి! 2011లో కిర్క్ ఎరిక్సన్ అనే శాస్త్రవేత్తా, ఆయన సహచరులూ 120 మంది పెద్దవాళ్ళని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఏడాదిపాటు వారానికి మూడు రోజులు, రోజుకి 40 నిమిషాల చొప్పున నడిచింది. రెండో జట్టు ఒళ్ళు సాగదీసే కసరత్తులతో సరిపెట్టుకుంది. జ్ఞాపకాలకి ఆయువుపట్టయిన హిప్పోకాంపస్ అనే భాగం నడిచినవాళ్ళలో 2 శాతం పెరిగింది, రెండోవాళ్ళలో తగ్గింది. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ ఇదే మాట చెప్పలేదు గానీ, నడక మంచిదికాదన్నవాళ్ళు మాత్రం లేరు.

గుండెకి మంచిదే బుర్రకీ మంచిది

మెదడుకి రక్తం పంపేది గుండే కదా! బీపీ, షుగర్ అదుపులో ఉంటే మెదడులోని రక్తనాళాలూ బాగుంటాయి. వ్యాయామం చేసే పెద్ద ఉపకారం ఇదే.

మన అక్కినేని నాగేశ్వరరావుగారినే చూడండి. 1971లో 'దసరాబుల్లోడు'తో కుర్రకారుని ఊపేసిన ఆయనకి 1974లో అమెరికాలో గుండె ఆపరేషనయింది. ఇంక కుర్చీకే పరిమితమవుతారని ఎవరైనా అనుకుని ఉంటే వాళ్ళకి జవాబు 1981 నాటి 'ప్రేమాభిషేకం'! 2014 జనవరిలో 89 ఏళ్ళ వయసులో కన్నుమూసేదాకా ఆయన నటుడే. 'మనం' ఆ తర్వాతే, మే నెలలో, విడుదలయింది. ఒక్కరి కథ శాస్త్రానికి రుజువు కాదనుకోండి, ధైర్యానికి మాత్రం చాలు.

ఇంతకీ ఎవర్ని నమ్మాలి?

"నలభై రోజుల్లో జ్ఞాపకశక్తి గ్యారంటీ" అనేవాళ్ళని మాత్రం కాదు! అసలైన నిపుణుడు లెక్క చెప్తాడు, ఆ లెక్క ఎక్కడిదాకా నమ్మొచ్చో కూడా చెప్తాడు. 2018లో బ్రిటన్‌లో 494 మంది డిమెన్షియా రోగులతో పరిశోధన జరిగింది. వ్యాయామం చేసినవాళ్ళకి ఒంట్లో సత్తువ పెరిగింది గానీ మతిమరుపు మాత్రం నెమ్మదించలేదు. ఆ సంగతి దాచకుండా ప్రకటించారు చూడండి, నమ్మకమంటే అదీ! అందుకే జబ్బు వచ్చాక కాదు, రాకముందే కదలమంటున్నారు.

2024లో లాన్సెట్ కమిషన్ నిపుణులు 14 కారణాలు లెక్కగట్టారు. బీపీ, షుగర్, పొగతాగడం, చెవుడు, ఒంటరితనం, ఒళ్ళు కదపకపోవడం... వీటన్నిటినీ సరిచెయ్యగలిగితే సుమారు 45 శాతం కేసుల్ని ఆపడమో, వాయిదా వెయ్యడమో వీలవుతుందన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన మోతాదు వారానికి 150 నుంచి 300 నిమిషాలు. వారానికో సినిమా చూసేంత టైము! 65 దాటినవాళ్ళు కాలు తూలకుండా నిలబడే కసరత్తులు కూడా చెయ్యాలి. గుండెజబ్బో, మోకాళ్ళ నొప్పో ఉంటే ముందు డాక్టర్ని అడగాలి.

మెదడు కసరత్తు గురించి మన హైదరాబాద్‌లోనే ఓ గొప్ప పరిశోధన జరిగింది. 2013లో నిమ్స్ డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకి జబ్బు సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. చదువు రానివాళ్ళలోనూ అదే తీరు! తెలుగూ ఉర్దూ కలిపి దంచే మనవాళ్ళకి ఇంతకంటే తీపికబురేముంటుంది?

అంచేత, ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. ఇంట్లో నాన్నగార్నో, అమ్మమ్మనో "మీరు కూర్చోండి" అనకండి. చెప్పులందించి, "పదండి, అలా తిరిగొద్దాం" అనండి. వారానికోసారి రేడియో పెట్టి, వాళ్ళ కాలం పాటకి మీరూ నాలుగు స్టెప్పులెయ్యండి!

మా పెద్దమ్మని ఇప్పుడు సాయంత్రాలు వదిన నడిపిస్తోంది. జబ్బు నయం కాదని మాకు తెల్సు. నా పేరు ఇప్పటికీ గుర్తులేదు. కానీ రాత్రి బాగా నిద్రపోతోందిట, పొద్దున్నే చెప్పులు వెతుక్కుంటోందిట. మొన్న ఫోన్లో అన్నయ్యే అన్నాడు: "మేం తప్పు చేసినం తమ్మీ, ముందే నడిపియ్యాల్సింది."

మీరు ఆ మాట అనుకునే అవసరం రాకూడదనే ఇదంతా రాశాను.