మూడు పాయలు, ఒక రైలు దారి

వాసవీ అమ్మవారి దర్శనానికి విదేశాల నుంచి వచ్చేవాళ్లలో చాలామంది రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా సిద్ధాంతం దగ్గర గోదావరి పాయ వశిష్ఠను దాటి పెనుగొండ చేరుకుంటారు. చెన్నై–కోల్‌కతా రహదారి అది, ప్రయాణం సాఫీగానే సాగుతుంది. అదే వశిష్ఠకు దిగువన రైలు కథ వేరు.

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలు మూడూ దాటాలి కాబట్టి వంతెనలే అసలు పని. పాతికేళ్లయినా కోనసీమ మీదుగా రైలు నడవలేదు. నరసాపురంలో రైలెక్కినవాళ్లు కాకినాడ చేరాలంటే నేటికీ నిడదవోలు, రాజమండ్రి చుట్టి రావాల్సిందే.

చైనాలో 1,318 కిలోమీటర్ల బీజింగ్–షాంఘై హైస్పీడ్ మార్గం పని 2008 ఏప్రిల్‌లో మొదలైంది. 2011 జూన్ 30న రైళ్లు నడిచాయి. మన డెల్టా లాంటి వరి పొలాలు, కాలువలు, చెరువుల మీదుగా సాగే దాన్‌యాంగ్–కున్‌షాన్ వంతెన ఒక్కటే 164 కిలోమీటర్లు. తేడా రైళ్లలోనే కాదు: 1990లో మన దేశం, చైనా తలసరి ఆదాయాలు దాదాపు సమానం. ఇప్పుడు చైనాది మనకు సుమారు 5 రెట్లు.

ఈ తేడాకు మన ప్రజాస్వామ్యమే కారణమనేవాళ్లు చాలామంది. అందులో కొంత నిజముంది. చైనాలో పట్టణ భూమి ప్రభుత్వానిది, పల్లె భూమి గ్రామ సమష్టిది. త్రీ గోర్జెస్ జలాశయం కోసం 12 లక్షల మందికి పైగా ఇళ్లూ ఊళ్లూ వదిలారు. మన 2013 భూసేకరణ చట్టం పల్లెల్లో మార్కెట్ విలువకు 4 రెట్ల దాకా పరిహారానికి వీలిచ్చింది, పునరావాసాన్ని హక్కు చేసింది. పోలవరం ముంపు గ్రామాల గిరిజనుల కష్టం తెలిసినవాళ్లెవరూ ఆ హక్కును అడ్డంకి అనరు. దాన్ని తాకట్టు పెట్టి తెచ్చుకునే వేగం నాకు అక్కర్లేదు.

కానీ మన రైలు ఆగింది భూమి దగ్గర మాత్రమే కాదు. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలి. ఆ వాటా సమయానికి అందలేదు. కేంద్ర బడ్జెట్లలోనూ చాలా ఏళ్లు అరకొర కేటాయింపులే. చైనాలో రైల్వే బాండ్లు, ప్రభుత్వ బ్యాంకుల రుణాలతో సొమ్ము ముందే సమకూర్చుకున్నారు. ఆ అప్పులు ఇప్పుడు వాళ్ల రైల్వేకు పెద్ద బరువు, నిజమే. అయినా బీజింగ్–షాంఘై పని మధ్యలో ఆపలేదు.

గోదావరి మీద కట్టడం కష్టమనీ అనలేం. రాజమండ్రి హేవ్‌లాక్ వంతెన పని 1897లో మొదలైతే 1900లో రైలు నడిచింది. నిధులు నిలకడగా వచ్చినచోట మనవాళ్లూ ఆగలేదు: విజయవాడ నుంచి భీమవరం మీదుగా నరసాపురం, నిడదవోలు దాకా జంట లైను, విద్యుదీకరణ పూర్తయ్యాయి.

మన సంఘం మహాసభలకు మంత్రులు వచ్చినప్పుడు కొత్త ప్రకటనలు అడగొద్దు. కోటిపల్లి లైనుకు ఏ ఏడాది ఎంత ఇస్తారు, ఏ పాయ మీద వంతెన ఎప్పటికి పూర్తవుతుంది అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకుని, ఈ పత్రిక తర్వాతి సంచికలో అచ్చు వేద్దాం.