కుర్చీ కింద ఆ పలక ఎందుకు?

నార్సింగి దగ్గరి కంప్యూటరు కార్యాలయాలలో చక్రాలపై దొర్లే కుర్చీలు మీరు చూచే ఉంటారు. కొన్నింటి కింద ప్లాస్టిక్ మ్యాటు ఉంటుంది. ఎందుకో లెక్క వేద్దామా?

మనిషి 75 కిలోలు, కుర్చీ 15 కిలోలు అనుకోండి. చక్రాలు 5. ఒక్కొక్క దానిపై 18 కిలోలు. చక్రం నేలను తాకే చోటు 1 చదరపు సెంటీమీటరే అనుకుంటే, ఆ 18 కిలోలూ అక్కడే! అదే మనిషి నిలబడితే, పాదాలు రెండూ కలిసి 300 చదరపు సెంటీమీటర్లు అనుకున్నా, చదరపు సెంటీమీటరుకు పావు కిలోయే. అంటే చక్రం కింద పీడనం 72 రెట్లు. చెక్క నేల నొక్కుకుపోదూ మరి!

మెత్తని పరుపు వేస్తే? చక్రంతో పాటు అదీ కుంగుతుంది. బురదలో దిగబడిన బండికి చెక్క పలక వేస్తారే, అలా బిరుసైనది కావాలి. అదే బరువును చుట్టూ పంచుతుంది. పాలికార్బొనేటు అలాంటిది. పి.వి.సి. చవకే కాని, చక్రం నిలిచిన చోట గుంటపడుతుంది.

తివాచీపై వేసే మ్యాటుకు జారకుండా అడుగున చిన్న ముళ్లుంటాయి. చెక్క నేలపై అవే గీతలు పెడతాయి. దానికి నున్నని అడుగే తగినది.

ఇంకొక చిక్కుంది. నార్సింగి బండలు గ్రానైటు. అవి చితికి ఏర్పడిన ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. మోస్ కొలమానంలో దాని కాఠిన్యం 7. మామూలు గాజుది సుమారు 5.5. చెప్పులకంటి వచ్చిన ఆ రేణువులు మ్యాటు అడుగున చేరాయా, ఇక మ్యాటే గరుకు కాగితమై నేలను గీకుతుంది. అప్పుడప్పుడు ఎత్తి తుడవవలసిందే.