శుక్లం ఆపరేషన్: ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

మీ ఇంట్లో పెద్దావిడ కొంతకాలంగా బియ్యంలో రాళ్లు ఏరడం మానేశారా? చీకటి పడితే గుమ్మం దాటడానికి వెనకాడుతున్నారా? మెట్టు దిగేటప్పుడు కాలితో తడిమి చూసుకుంటున్నారా? అడిగితే "వయసైపోయింది, ఇక ఇంతేలే" అంటారు. చాలామంది పెద్దలు తమకు చూపు తగ్గిందని నోరు తెరిచి చెప్పరు. పిల్లలకు ఖర్చు, పని నష్టం అని ఒక భయం. ఆపరేషన్ అంటే మరో భయం. కాబట్టి ముందుగా గమనించవలసింది ఇంట్లో ఉన్న మీరే.

మన కంటిపాప వెనుక అద్దంలా స్వచ్ఛమైన కటకం ఒకటి ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కటకం మసకబారుతుంది. దానినే శుక్లం అంటాము. ఊళ్లలో "కంట్లో పొర వచ్చింది" అంటారు గాని, అది కంటి పైన పెరిగే పొర కాదు, లోపలి కటకమే మసకబారడం. అందువల్ల దానిని గీకి తీయడం కుదరదు, చుక్కల మందుతో కరిగించడమూ కుదరదు. ఆకు పసర్లు, తేనె, చనుబాలు కంట్లో పోస్తే శుక్లం పోదు సరికదా, కంటికి చీము పట్టే ప్రమాదం ఉంది. చక్కెర వ్యాధి ఉన్నవారికి, స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవారికి, కంటికి దెబ్బ తగిలినవారికి శుక్లం చిన్న వయసులోనే రావచ్చు.

ఒక చిత్రమైన సంగతి కూడా చెప్పాలి. కొందరు పెద్దలు "ఈ మధ్య కళ్లద్దాలు లేకుండానే పేపరు చదువుతున్నాను" అని సంతోషపడుతుంటారు. కటకం గట్టిపడుతూ దాని పవరు మారడం వల్ల కొంతకాలం అలా జరుగుతుంది. తిరిగి వచ్చినట్టు కనిపించే ఆ చూపు చాలాసార్లు శుక్లం మొదలైందనడానికి గుర్తు.

"పండాక చేయిద్దాం" అనకండి

ఈ మాట మా ఓపీలో రోజూ వింటుంటాము. ఒకప్పుడు అందులో నిజం ఉండేది. ఆనాడు కటకాన్ని తీసేసేవారే గాని బదులు మరొకటి అమర్చేవారు కారు. ఆపరేషన్ తరువాత రోగి తలకు రెండు వైపులా ఇసుక సంచులు పెట్టి రోజుల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. ఆ తరువాత జీవితమంతా సోడాబుడ్డి కళ్లద్దాలే. మీ తాతగారి కళ్లద్దాలు మీకు గుర్తుండే ఉంటాయి. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు మొదటిసారిగా కంటిలో కృత్రిమ కటకం అమర్చారు. ఆ పద్ధతి మెరుగుపడి మన ఊళ్లదాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. పెద్దల మనసులో మాత్రం ఆ ఇసుక సంచులు ఇంకా అలాగే ఉన్నాయి.

ఇప్పుడు శుక్లం పండేదాకా ఆగనవసరం లేదు. రోజువారీ పనులకు చూపు అడ్డు వస్తుంటే చేయించుకోవచ్చు. మరీ ఆలస్యం చేస్తే కటకం రాయిలా గట్టిపడి ఆపరేషన్ కష్టమవుతుంది. కొందరిలో అది ఉబ్బి కంటి లోపలి ఒత్తిడిని పెంచుతుంది. అప్పుడు విపరీతమైన నొప్పి వస్తుంది, చూపు శాశ్వతంగా పోవచ్చు కూడా. చలికాలమే మంచిదన్నదీ పాత మాటే. ఏ నెలలోనైనా చేయించుకోవచ్చు.

పరీక్షల రోజున

కంటిలో అమర్చే కటకానికి కూడా కళ్లద్దాలకున్నట్టే పవరు ఉంటుంది. అది ఒక్కొక్కరికి ఒక్కో రకం. దానిని లెక్కకట్టడానికే కంటి పొడవు, నల్లగుడ్డు వంపు కొలుస్తారు. రక్తంలో చక్కెర, రక్తపోటు చూస్తారు. కన్నీటి నాళం మూసుకుపోయి అక్కడ చీము ఉంటే అది కంటి లోపలికి చేరే అవకాశం ఉంది గనుక దానినీ పరీక్షిస్తారు.

పెద్దవారు వాడే మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకురండి. ముఖ్యంగా రెండు రకాల గురించి తప్పక చెప్పండి. ఒకటి, రక్తం పలచబడటానికి వాడే గుండె మాత్రలు. వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. రెండవది, మగవారు మూత్రం సాఫీగా రావడానికి వేసుకునే టామ్సులోసిన్ వంటి మాత్రలు. కంటికి, దానికి సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. ఆ మందు వల్ల కంటిపాప చుట్టూ ఉండే నల్లపొర ఆపరేషన్ సమయంలో వదులై జారుతుంది. ముందే తెలిస్తే డాక్టరు తగిన జాగ్రత్త తీసుకుంటారు.

ఇంకొక మాట సూటిగా అడగండి: "ఆపరేషన్ తరువాత మా నాన్నకు ఎంత చూపు వస్తుంది?" చక్కెర వ్యాధి వల్ల రెటీనా దెబ్బతిన్నా, నీటికాసుల వల్ల నరం పాడైనా, శుక్లం తీసినంత మాత్రాన ఆ చూపు తిరిగిరాదు. ఈ సంగతి సంతకం పెట్టకముందే తెలిస్తే తరువాత ఎవరికీ మనస్తాపం ఉండదు.

ఆపరేషన్ ఎలా జరుగుతుంది?

సాధారణంగా మత్తు ఇవ్వరు. కంటి పక్కన ఇంజెక్షన్‌తోనో, చుక్కల మందుతోనో తిమ్మిరెక్కిస్తారు. చాలామందికి అరగంటలోపే అయిపోతుంది. మూడు మిల్లీమీటర్లకు మించని గాటు ద్వారా శుక్లాన్ని ధ్వని తరంగాలతో ముక్కలు చేసి పీల్చివేసే పద్ధతిని ఫేకో అంటారు. దానినే జనం "లేజర్ ఆపరేషన్" అంటుంటారు గాని అందులో లేజర్ లేదు. సుమారు ఆరు మిల్లీమీటర్ల గాటుతో చేసేది రెండవ పద్ధతి. బాగా గట్టిపడిన శుక్లానికి ఇదే మేలు కావచ్చు. ఇందులోనూ సాధారణంగా కుట్లు పడవు. ఖర్చు తక్కువ కాబట్టి ఇది తక్కువ రకం వైద్యమని అనుకోకండి. శిక్షణ పొందిన చేతుల్లో రెండూ మంచి ఫలితమే ఇస్తాయి.

ముందురోజు తలస్నానం చేయించండి. కాటుక, తలనూనె వద్దు. ఏం తినవచ్చో, చక్కెర మాత్ర వేయాలో వద్దో ఆసుపత్రివారు చెప్పినట్టు చేయండి. పెద్దవారికి చెవుడు ఉంటే లోపలికి తీసుకువెళ్లే నర్సుకు తప్పక చెప్పండి. దగ్గు వచ్చేలా ఉంటే తల కదపకుండా నోటితో ముందే చెప్పాలని పెద్దవారికి నేర్పండి.

ఇంటికి వెళ్లాక

మరునాడు కట్టు విప్పగానే కొందరికి లోకమంతా మెరిసిపోతుంది. తెల్లచీర కాస్త నీలంగా కనబడుతుంది. అద్దంలో చూసుకుని "నాకిన్ని ముడతలు ఎప్పుడొచ్చాయే!" అని నవ్వినవారూ ఉన్నారు. మరికొందరికి మసకగానే ఉంటుంది. శుక్లం బాగా గట్టిపడి ఉన్నవారికి నల్లగుడ్డు వాపు తగ్గి చూపు తేరుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. పక్క మంచం ఆవిడతో పోల్చి దిగులు పడవద్దు. కొద్దిగా ఇసుక పడినట్టు ఉండటం, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం మామూలే.

అసలు శ్రమ చుక్కల మందు దగ్గర ఉంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. పెద్దవారిని పడుకోబెట్టి, కింది రెప్పను మెల్లగా లాగి, ఆ సందులో ఒక్క చుక్క వేయండి. సీసా మూతి రెప్పకు తగలకూడదు. రెండు మందులుంటే మధ్యలో ఐదు పది నిమిషాలు ఆగండి. చదువు రానివారింట్లో ఒక సీసాకు దారం కట్టండి, ఏది ఏదో తెలుస్తుంది. మందు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు, క్రమంగా తగ్గిస్తూ వాడాలి. కన్ను బాగుందని మధ్యలో మానవద్దు. గడువు అయ్యాక "ఉంటే మంచిదే" అని మెడికల్ షాపులో మళ్లీ కొనవద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటుంది, ఎక్కువకాలం వాడితే నీటికాసులు రావచ్చు.

కన్ను నలపకూడదు. రాత్రిపూట ప్లాస్టిక్ కప్పు పెట్టాలి. డాక్టరు చెప్పేదాకా తలమీద నీళ్లు పోయకండి. కట్టెల పొయ్యి పొగ, కళ్లంలో దుమ్ము, మిరపకాయల కోత దగ్గరకు ఒక నెలపాటు పంపవద్దు. బిందెలు ఎత్తనీయకండి. నేలకు తల ఆనించి ప్రార్థించేవారు కొద్దిరోజులు కూర్చునే చేసుకోవాలి. టీవీ చూడవచ్చు, చదువుకోవచ్చు.

పథ్యం సంగతి. గుడ్డు, మాంసం, వంకాయ, గోంగూర తింటే చీము పడుతుందని చెప్పి, పెద్దవారికి వారాల తరబడి చారన్నమే పెట్టేవారిని చూస్తూనే ఉన్నాము. ఇలా పెట్టడానికి కారణమేమీ లేదు. చీము వచ్చేది క్రిముల వల్ల, వంకాయ వల్ల కాదు. గాయం మానడానికి గుడ్డు, పప్పు, పాలు కావాలి. చక్కెర వ్యాధి ఉన్నవారు వారి పద్ధతిలోనే తినాలి.

ఈ లక్షణాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు: నొప్పి రోజురోజుకు పెరగడం, వచ్చిన చూపు మళ్లీ తగ్గడం, కన్ను బాగా ఎర్రబడటం, రెప్ప వాచి పుసి కారడం, కంట్లో మెరుపులు, తెర దించినట్టు ఒక పక్క కనబడకపోవడం. కంటిలో క్రిములు చేరితే గంటల తేడాతో చూపు దక్కడమో పోవడమో జరుగుతుంది. ఇది అరుదే. వచ్చినప్పుడు మాత్రం చాలావరకు మొదటి వారంలోనే వస్తుంది. ఆ వారం రోజులు ఆసుపత్రి ఫోన్ నంబరు అందుబాటులో ఉంచుకోండి, రాత్రివేళ వాహనం ఎవరిదో ముందే అనుకుని పెట్టుకోండి.

నెలా నెలన్నరకు కళ్లద్దాలు రాస్తారు. మామూలు కటకం పెడితే దూరం కనబడుతుంది, చదవడానికి, సూది దారానికి కళ్లద్దాలు కావాలి. అది ఆపరేషన్ చెడిపోవడం కాదు. కొన్ని నెలలకో, ఏళ్లకో మళ్లీ మసక వస్తే శుక్లం తిరిగి పుట్టిందని భయపడకండి. కటకం వెనుక ఉంచిన పలుచని పొర మందమవుతుంది. నిజంగా లేజర్ వాడేది ఇక్కడే, కొన్ని నిమిషాల పని.

అమర్చిన కటకం వివరాలతో ఒక కార్డు ఇస్తారు. దానిని రేషన్ కార్డుతో పాటు భద్రపరచండి. రెండవ కంటికి వచ్చినప్పుడు అది మాకు చూపించాలి.